మూగజీవికి వైద్యం... ఎంతవరకు?

"మనుషులకే దిక్కు లేకపోతే కుక్కకి క్యాన్సర్ వైద్యమా? డబ్బులెక్కువై కాకపోతే!" ఈ మాట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, గుడి మెట్ల మీద ఎక్కడైనా వినపడుతుంది. "ఎంత ఖర్చయినా ఫరవాలేదు డాక్టరుగారూ, మా కుక్కని మాత్రం బతికించండి." ఈ మాట పశువైద్యుల గదుల్లో తరచూ వినపడుతుంది. పైకి చూస్తే రెండూ ఒకదానికొకటి పొసగని మాటలు. నాకు మాత్రం రెంటిలోనూ ఒకటే లోపం కనిపిస్తుంది. మొదటి మాటలో మన డబ్బుంది. రెండో మాటలో మన ప్రేమ ఉంది. కుక్క మాత్రం రెంటిలోనూ లేదు!

పెంచుకున్న కుక్కకి లివరు క్యాన్సర్ వచ్చి, అది ముదిరిపోయిందని తెలిసినప్పుడు ఏ ఇంట్లోనైనా వచ్చే ప్రశ్న ఒకటే. వైద్యం చేయించాలా, వద్దా? చేయిస్తే ఎంతవరకు? ఇక్కడ లెక్క వెయ్యాల్సింది ఇంకా ఎన్ని రోజులు బతుకుతుందని కాదు, ఆ రోజులు దానికి ఎలా గడుస్తాయని. ఆ లెక్క అందరికన్నా బాగా తెలిసేది రోజూ దాని కంచంలో అన్నం కలిపే మనిషికి. మన ఇళ్ళల్లో ఆ మనిషి చాలావరకు ఇల్లాలే. కానీ ఆమెను అడిగేవాళ్ళెవరు?

మా ఇంట్లో చిట్టి అని పదకొండేళ్ళ లాబ్రడార్ ఉండేది. పిల్లలు మారాం చేస్తే తెచ్చాం, మావారు పేరు పెట్టారు, పెంచింది నేను. (ఈ వరస చదివి నవ్వుకునే ఇల్లాళ్ళు చాలామందే ఉంటారని నాకు తెలుసు.) పెరుగన్నం అంటే ప్రాణం పెట్టే చిట్టి, ఒకరోజు వాసన చూసి పక్కకి తిరిగింది. తర్వాత రోజూ కంచంలో మెతుకులు మిగలడం మొదలైంది. నీళ్ళ గిన్నె మాత్రం ఎన్నిసార్లు నింపినా ఖాళీ. "ఎండలు కదా, పైగా వయసు మీద పడింది" అన్నారు ఇంట్లోవాళ్ళు. నేను ఒప్పుకోలేదు.

మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్తే, అక్కడి డాక్టరుగారు ప్రతి ప్రశ్నా మావారినే అడిగారు. "ఎన్నాళ్ళనుంచి తినట్లేదండీ?" మావారు నా వంక చూశారు. నేను చెప్పాను. "మూత్రం ఏ రంగులో వస్తోందండీ?" మళ్ళీ మావారినే. ఆయన మళ్ళీ నా వంకే. చివరికి నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి, "సార్, మీరు ఆలోచించుకుని చెప్పండి" అన్నారు! జబ్బు సంగతి తెలిసింది నాకు, రాత్రిళ్ళు లేచి ఎత్తిపోసి కడిగేది నేను, నిర్ణయం మాత్రం సార్‌ది! మావారే "ఆవిడనే అడగండి" అన్నారు కాబట్టి సరిపోయింది. అనని ఇళ్ళ మాటేమిటి?

సరే, జబ్బు సంగతికి వద్దాం. ఎందుకంటే నిర్ణయం చెప్పాలంటే ముందు విషయం తెలియాలి కదా!

లివరు గుట్టుగా కాపరం చేసే అవయవం. చాలా భాగం పాడైపోయేదాకా పైకి చెప్పదు. చెప్పినప్పుడు కూడా తిండి మానెయ్యడం, చిక్కిపోవడం, వాంతులు, దాహం ఎక్కువ కావడం లాంటి గుర్తులే చూపిస్తుంది. ఏ జబ్బుకైనా ఉండే గుర్తులే ఇవి. కళ్ళూ, చిగుళ్ళూ పచ్చబడటం, పొట్టలో నీరు చేరడం తర్వాత వస్తాయి. అందుకే చాలా కుక్కల్లో సంగతి బయటపడేసరికే ఆలస్యమైపోతుంది.

అయితే "లివర్లో గడ్డ ఉంది" అనగానే అంతా అయిపోయిందని ఏడవక్కర్లేదు. వయసు మళ్ళిన కుక్కల లివర్లో హాని చెయ్యని గడ్డలు రావడం మామూలే. స్కానింగులో అవీ గడ్డల్లాగే కనిపిస్తాయి. రక్తపరీక్షలో లివరు ఎంజైములు పెరిగినంత మాత్రాన కూడా క్యాన్సర్ అని కాదు. స్టెరాయిడ్ మందులు వాడినా కుక్కల్లో అవి పెరుగుతాయి. సూదితో గానీ, చిన్న ముక్క తీసి గానీ పరీక్ష చేయిస్తేనే అసలు సంగతి తేలుతుంది. లివరు దెబ్బతింటే రక్తం గడ్డకట్టడంలో తేడా వస్తుంది కాబట్టి, సూది గుచ్చే ముందు ఆ పరీక్ష కూడా చేస్తారు.

క్యాన్సరే అని తేలినా, అన్నీ ఒకటి కావు. ఇది అందరూ తెలుసుకోవాల్సిన మాట. కుక్కల్లో లివర్లోనే పుట్టే కణుతులు మొత్తం కణుతుల్లో నూటికి ఒకటి రెండుకి మించవు. వేరేచోట పుట్టి లివర్లోకి పాకేవే ఎక్కువ. లివర్లోనే పుట్టేవాటిల్లో ఎక్కువగా వచ్చే రకం, చాలాసార్లు లివరులో ఒక్క భాగానికే పరిమితమై పెద్ద ముద్దలా పెరుగుతుంది. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ, ఆపరేషన్‌కి లొంగేది ఇదే! 2004లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, ఇలాంటి కుక్కలు నలభై రెండింటికి గడ్డ ఉన్న భాగం తీసేశారు. వాటిల్లో సగానికి పైగా నాలుగేళ్ళు దాటి బతుకుతాయని లెక్క తేలింది. ఆపరేషన్ జరగని ఆరు కుక్కల విషయంలో ఆ లెక్క సుమారు తొమ్మిది నెలలే. లివరుకి తిరిగి పెరిగే గుణం ఉండటం వల్ల కొంత భాగం తీసేసినా తట్టుకుంటుంది. అంటే, "కుక్కకి క్యాన్సర్ ఏమిటి, వదిలెయ్యండి" అనేవాళ్ళు బాగయ్యే కుక్కని కూడా వదిలేస్తున్నారన్నమాట!

రెండో పక్క కూడా చూడాలి. అదే క్యాన్సర్ చిన్న చిన్న గడ్డలుగా లివరంతా పరుచుకుంటే ఆపరేషన్‌కి వీలుండదు. పైత్యరసం వెళ్ళే నాళాల్లో పుట్టే రకమైతే చాలా తొందరగా ఊపిరితిత్తులకీ ఇతర చోట్లకీ పాకుతుంది. ప్లీహంలో రక్తనాళాల నుంచి పుట్టే క్యాన్సర్ ఇంకొకటుంది. లాబ్రడార్లకీ, జర్మన్ షెపర్డులకీ ఎక్కువగా వస్తుంది. లివర్లోకి పాకుతుంది, ఉన్నట్టుండి పొట్టలోనే పగిలి రక్తం కారిపోతుంది. ప్లీహం తీసేస్తే మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, కీమోథెరపీ కూడా తోడైతే నాలుగు నుంచి ఆరు నెలలు. అప్పటికే లివర్లోకి పాకిందంటే అది కూడా అనుమానమే. ఇక లివర్లోనే పుట్టి అంతటా పరుచుకున్న క్యాన్సర్‌కి కీమోథెరపీ పెద్దగా పనిచెయ్యదు. కొత్త మాత్రలు కొన్ని ప్రయత్నిస్తున్నారు గానీ, జబ్బు నయం చేస్తాయని చెప్పే స్థితి లేదు.

కాబట్టి డాక్టరుగారిని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" కాదు. "ఇది ఒక్క గడ్డా, చాలా గడ్డలా? లివర్లోనే పుట్టిందా, ఇంకెక్కణ్ణించైనా వచ్చిందా? ఊపిరితిత్తులకి ఎక్స్‌రే తీశారా?" ఈ మూడూ అడగండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో వైద్యశాలలున్నాయి. మన ఊరి డాక్టరుగారు చెప్పింది అర్థం కాకపోతే అలాంటి చోట రెండో అభిప్రాయం అడగడం తప్పేమీ కాదు. అంత ఖర్చుతో కూడిన పని చేసేముందు ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.

మా చిట్టికి లివర్లో ఏ భాగాన్నీ వదలకుండా గడ్డలున్నాయని స్కానింగులో కనిపించింది. సూది పరీక్ష కూడా క్యాన్సరనే చెప్పింది. ఆపరేషన్ మాటే లేదు. "అయితే ఇంక వైద్యం లేదన్నమాట" అన్నారు పక్కింటి పిన్నిగారు. అక్కడే నాకు పేచీ!

నయం చెయ్యడం ఒక్కటేనా వైద్యమంటే? వాంతి రాకుండా చూడటం వైద్యం కాదా? నొప్పి తగ్గించడం వైద్యం కాదా? రాత్రి పూట ఆయాసం లేకుండా పడుకోగలిగేట్టు పొట్టలో నీరు తియ్యడం వైద్యం కాదా? ముదిరిన క్యాన్సర్‌లో మిగిలేది ఇదే. ఇది "ఏమీ చెయ్యకపోవడం" కాదు. చెయ్యాల్సింది చాలా ఉంది, అది కూడా రోజూ ఉంది.

వాంతులకీ వికారానికీ కుక్కలకి పనిచేసే మంచి మందులొచ్చాయి. వికారం తగ్గితేనే కుక్క తింటుంది. ముందు ఆ మందు ఇవ్వకుండా నోట్లో కుక్కితే ఏం లాభం? పొట్టలో నీటికి మాత్రలున్నాయి, మరీ ఎక్కువైతే డాక్టరు సూదితో తీస్తారు. నొప్పికి కూడా ఈ జబ్బులో వాడదగ్గ మందులు వేరే ఉన్నాయి. అవి డాక్టరే రాయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంట్లో ఉన్నాయి కదా అని మనం వాడే నొప్పి మాత్రలు కుక్కకి వెయ్యకండి. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏదైనా సరే. అసలే దెబ్బతిన్న లివరుకి అవి విషంతో సమానం. కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. అలాగే కళ్ళు పచ్చబడ్డాయని ఎవరో చెప్తే కామెర్ల పసరు తెచ్చి పోసేవాళ్ళున్నారు. క్యాన్సర్ గడ్డ వల్ల వచ్చే పచ్చదనం పసరుతో పోదు. ఆ చేదుకి తినే నాలుగు ముద్దలూ మానేస్తుంది పాపం!

తిండి సంగతి మనకి తెలిసిందే. ఒకేసారి పెట్టకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పెట్టాలి. మెత్తగా ఉడికిన అన్నం, ఉడకబెట్టిన గుడ్డు, కారం మసాలా లేని చికెను, పెరుగు. కొంచెం వెచ్చబెడితే వాసనకి తింటుంది. పొట్టలో నీరుంటే ఉప్పు వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు ఆరోగ్యంగా ఉన్న కుక్కకే వద్దు, దీనికి అసలొద్దు. లివరు జబ్బనగానే మాంసకృత్తులన్నీ మాన్పించేస్తారు కొందరు. అది అన్ని కుక్కలకీ అవసరం లేదు. లివరు వడకట్టని విషాలు మెదడుకెక్కి, కుక్క గోడకి తల ఆనించి నిలబడటం, తూలడం, అయోమయంగా తిరగడం లాంటివి చేస్తే డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. లేకపోతే ఉన్న కండ కూడా కరిగిపోతుంది.

ఇదంతా చదువుతుంటే మీకొకటి తట్టే ఉంటుంది. నాలుగైదు సార్లు తిండి, మూడు పూటలా మందులు, పక్క బట్టలు మార్చడం, రాత్రిళ్ళు లేవడం... ఎవరు చేస్తారు? "ఎంత ఖర్చయినా ఫరవాలేదు" అన్నవాళ్ళు ఆఫీసుకెళ్తారు. "చిట్టిని బతికించమ్మా" అని ఏడ్చిన పిల్లలు ట్యూషనుకెళ్తారు. మిగిలేది ఒక్కరే! అందుకే నేనంటాను, వైద్యం చేయించాలని నిర్ణయం జరిగిన రోజే పని కూడా పంచుకోవాలి. మా ఇంట్లో రాత్రి మందు మావారిది, పొద్దున్న పక్క బట్టలు అబ్బాయివి, సాయంత్రం తిండి అమ్మాయిది అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. పనిలో వాటా లేనివాళ్ళకి పట్టుదలలో వాటా ఉండకూడదు. ఇది మా ఇంటి చట్టం!

డబ్బు సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకుందాం. నయం కాని జబ్బుకి గాజులు తాకట్టు పెట్టడం, పిల్లల ఫీజు వాయిదా వేసి కీమోథెరపీ చేయించడం ప్రేమకి కొలమానం కాదు. చేయించలేనివాళ్ళకి ప్రేమ తక్కువా కాదు. నొప్పి మందుకీ, వాంతి మందుకీ డబ్బు పెట్టి, మిగతాది వద్దనుకున్న ఇల్లాలు తన కుక్కకి అన్యాయం చేసిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

మరి ఎంతవరకు? దీనికో మంచి పద్ధతి ఉంది. ఆలిస్ విల్లలోబోస్ అని అమెరికాలో జంతువుల క్యాన్సర్ వైద్యురాలు. 2004లో ఆవిడ ఒక కొలత తయారుచేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది... ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యాలి. పది అంటే బాగున్నట్టు. మొత్తం ముప్పై అయిదు దాటితే ఇంకా బతుకు బతుకుగానే ఉందని లెక్క. డాక్టరు మార్కులు కావివి, ఇంట్లోవాళ్ళే వేసేవి! ఒక ఆడమనిషి తయారుచేసిన ఈ లెక్కలో ఇంట్లో చూసేవాళ్ళ కంటికి విలువుంది. అందుకే నాకు నచ్చింది.

నేను దాన్ని ఇంకా తేలిక చేసుకున్నాను. వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే, చిట్టి తిని తోక ఊపిన రోజుకి ఒక టిక్కు, లేవలేక మూలిగిన రోజుకి ఒక అడ్డగీత. అయిదు వారాలు టిక్కులే ఎక్కువ. గేటు దాకా నడిచింది, పిల్లల చెప్పులు ఎత్తుకెళ్ళింది, కాకుల్ని తరిమింది. ఆరో వారం సగం సగం. ఏడో వారం అన్నీ అడ్డగీతలే. అప్పుడు "ఇంకా ఏదైనా చేద్దాం" అన్న మావారికి నేనేమీ చెప్పలేదు, క్యాలెండర్ చూపించాను. ఆ సాయంత్రం డాక్టరుగారిని ఇంటికే పిలిచాం. చిట్టి తల నా ఒళ్ళో ఉండగానే కళ్ళు మూసింది.

"అయ్యో, మీరే చంపించారా?" అన్నారు తెలిసినవాళ్ళు. ఈ మాటకి జవాబు నేను కాదు, గాంధీగారే ఎప్పుడో చెప్పారు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయంకాని బాధతో కొట్టుకుంటుంటే, ఆయన తన సమక్షంలోనే డాక్టరు చేత సూది వేయించి దాని బాధ తీర్చారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. తిడుతూ ఉత్తరాలు రాశారు. అయినా ఆయన పత్రికలో రాసి మరీ తన పని అహింసే అని సమర్థించుకున్నారు. చీమకి కూడా హాని తలపెట్టని మనిషికే తోచింది, బాధ తప్ప ఇంకేమీ మిగలనప్పుడు చూస్తూ కూర్చోవడం అహింస కాదని!

చట్టం సంగతి కూడా చూడండి. మూగజీవాల మీద క్రూరత్వాన్ని ఆపడానికి మన దేశంలో 1960లో చట్టం వచ్చిందంటే దానికి ముఖ్య కారకురాలు ఒక మహిళే, రుక్మిణీదేవి అరండేల్. 1952లో రాజ్యసభకి నామినేటై, అక్కడ ఈ విషయం మీద పట్టు వదలకుండా పోరాడారు. జంతువుని బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటుంటుందని ఆ చట్టం కూడా గుర్తించింది.

అలాగని ఎవరు పడితే వాళ్ళు, ఏది పడితే అది ఇవ్వడానికి వీల్లేదు. పశువైద్యుడే చెయ్యాలి. ముందు మత్తు ఇచ్చి, కుక్క పూర్తిగా నిద్రలోకి జారాక, అప్పుడు మత్తుమందే ఎక్కువ మోతాదులో ఇస్తారు. "ముందు మత్తు ఇస్తారా?" అని నోరు తెరిచి అడగండి. ఇంట్లోవాళ్ళు ఒకరైనా పక్కన ఉండండి. అది జీవితమంతా మన గొంతు వింటూ బతికింది. పోయేటప్పుడు కూడా ఆ గొంతే వినపడనివ్వండి.

కుక్కని వదిలి స్వర్గానికి కూడా రానన్నాడని ధర్మరాజుని మెచ్చుకుంటాం. నిజమే, వదలకూడదు. కానీ వదలకపోవడమంటే పట్టుకుని లాగడం కాదు కదా! బాగయ్యే అవకాశం ఉంటే ఆపరేషన్ బల్ల దాకా తోడుండటం, లేకపోతే నొప్పి లేకుండా చూస్తూ తోడుండటం, అది కూడా కుదరనప్పుడు సుఖంగా పోనిస్తూ తోడుండటం. మూడూ వైద్యమే, మూడూ వదలకపోవడమే.

రేపు మీ ఇంట్లో గానీ, మీ పక్కింట్లో గానీ ఇలాంటి పరిస్థితి వస్తే, "వదిలెయ్యండి" అన్నవాళ్ళ మాటా వెంటనే వినకండి, "ఏమైనా సరే బతికించాలి" అన్నవాళ్ళ మాటా వెంటనే వినకండి. ముందు ఏ రకం జబ్బో తేల్చుకోండి. తర్వాత దాని కంచం వంక చూడండి. ఆ కంచం రోజూ కడిగే మనిషిని అడగండి. ఆ మనిషి మీరే అయితే, డాక్టరు ఎవరి మొహం చూసి మాట్లాడుతున్నా సరే, మీరు చెప్పాల్సింది చెప్పండి. ఆ మూగజీవి తరఫున మాట్లాడగలిగింది అక్కడ మీరొక్కరే!